నలభై ఏడో పేజీలో అసిరమ్మ

మా విశ్వవిద్యాలయంలో అచ్చయిన పాఠ్యపుస్తకం అయిదేళ్ళ దాకా తప్పు కాకూడదు. ఇది ఎవరి అహంకారమూ కాదు, నియమావళిలో ఉన్న మాట. పుస్తకం ఒకసారి ఆమోదం పొందాక అందులో ఒక్క వాక్యం మార్చాలన్నా పాఠ్య నిర్ణయ మండలి కూర్చోవాలి, ఆపైన విద్యా మండలి కూర్చోవాలి, ఆపైన పాలక మండలి కూర్చోవాలి. మా వాళ్ళకు కూర్చోవడం కష్టం కాదు. మూడు మండళ్ళూ ఒకే ఏడాదిలో కూర్చోవడం మాత్రం ఇంతవరకు జరగలేదు.

గణితానికీ భౌతికశాస్త్రానికీ ఈ నియమంతో పేచీ లేదు. మా సమాజశాస్త్ర విభాగం 'మన నగరం ద్వారా నగర సమాజశాస్త్రం' అనే పుస్తకం వేసినప్పుడే పేచీ వచ్చింది.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్సాహం దిగింది. ఎక్కడివో పరాయి దేశపు నగరాల గురించి పిల్లలకెందుకు, గుమ్మం దాటితే మన ఊరే ఉంది కదా, దాన్ని చూసి చదువుకోమనండి అన్నారు. మాట బంగారం లాంటిది. మా విభాగాధిపతి ఆచార్య భువనమూర్తిగారు ఆ మాటకు పులకించిపోయి, తొమ్మిది వారాల్లో పుస్తకం తెస్తానని ఒప్పుకుని వచ్చి, ఆ పని నాకు అప్పగించారు. నేను ఆ విభాగంలో పద్నాలుగేళ్ళుగా ఒప్పంద అధ్యాపకుణ్ణి. పదకొండు నెలలు ఉద్యోగం, ఒక రోజు నిరుద్యోగం, మళ్ళీ పదకొండు నెలలు. అలాంటివాడికి 'కాదు' అనే మాట నోట పలకదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. 'నగర జీవనాన్ని ప్రత్యక్షంగా పరిశీలించి రచించిన గ్రంథం' అని అట్ట మీద ఉంది గాని, ఆ తొమ్మిది వారాలూ వానలు. నేను గ్రంథాలయంలో పంకా కింద కూర్చుని, ఎప్పుడో 1988లో ఎవరో రాసి బీరువాలో పెట్టిన పరిశోధన గ్రంథాన్ని ముందేసుకుని రాశాను. మా శాఖలో దీన్ని ఎవరూ తప్పనుకోరు. ఆ 1988 ఆయన కూడా 1961 నాటి ఇంకో గ్రంథాన్ని ముందేసుకునే రాశాడని నాకు తర్వాత తెలిసింది. ఆయన కాలంలోనూ వానలే కాబోలు.

ఆ పాత గ్రంథంలో 'గడియారస్తంభం కూడలిలో ఒక వితంతువు మిరపకాయ బజ్జీలు అమ్ముకొని జీవించును' అని ఉంది. పేరు లేదు. పేరు లేకపోతే స్థానికత తగ్గుతుందని నాకు తోచి, అసిరమ్మ పేరు పెట్టేశాను. అసిరమ్మ బజ్జీల బండి ఆ కూడలిలోనే ఉంది. విద్యార్థిగా ఉన్నప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్ళుగా అక్కడే తింటున్నాను. అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. ఆవిడ నలభై ఏడో పేజీలోకి అలా వచ్చింది.

మొదటి ఏడాది పరీక్షల్లో 'గడియారస్తంభం కూడలిని గురించి వ్రాయుము' అని ముప్పై మార్కుల ప్రశ్న ఇచ్చారు. కింతలి సుజల అనే అమ్మాయి ఒక పొరపాటు చేసింది. అట్ట మీది మాట నమ్మింది. నాలుగు రోజులు కూడలిలో నిలబడి చూసొచ్చి, గడియారం సరిగ్గా నడుస్తోందని, రిక్షాలు లేవని, అసిరమ్మ పక్కన ఆవిడ భర్త సూరన్న కూర్చుని పిండి కలుపుతాడని రాసింది. సున్నా వచ్చింది. మళ్ళీ దిద్దించుకుంది. మళ్ళీ సున్నాయే వచ్చింది. అప్పుడా పిల్ల రిజిస్ట్రారుగారికి అర్జీ పెట్టుకుంది. అందులో ఉన్నవి రెండు వాక్యాలు: 'ఊరు చూసి రాస్తే సున్నా, చూడకుండా రాస్తే ముప్పై వస్తున్నవి. ఏది శాస్త్రమో తెలుపగలరు.'

రిజిస్ట్రారుగారు న్యాయమైన మనిషి. అర్జీ చదివి, భువనమూర్తిగారినీ నన్నూ పిలిపించారు.

"విద్యార్థిని వాదనలో బలమున్నది. పుస్తకమునకును నగరమునకును వ్యత్యాసము కలదు. సదరు వ్యత్యాసమును తొలగించు బాధ్యత మనదే," అన్నారు. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని వినికిడి.

నా గుండె తేలికైంది. పుస్తకం మారుస్తారు కాబోలు అనుకున్నాను. రిజిస్ట్రారుగారు నియమావళి తెరిచి దారులు చూపించారు. పుస్తకం మార్చాలంటే మూడు మండళ్ళు కూర్చోవాలి. జవాబుల నమూనా మార్చాలంటే అది పుస్తకాన్నే అనుసరించాలని ఇంకో నియమం ఉంది. ఇక మిగిలింది నగరం. నగరాన్ని మార్చకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. పురపాలక సంఘానికి ఒక్క లేఖ రాస్తే చాలు.

నేను నవ్వాను. నవ్వింది నేనొక్కణ్ణేనని గమనించి దాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

వారం తిరక్కుండా పాఠ్య నగర సమన్వయ సంఘం ఏర్పడింది. భువనమూర్తిగారు అధ్యక్షులు, పుర కమిషనరుగారు ఉపాధ్యక్షులు, ఫైళ్ళు మోసేవాణ్ణి నేను. ముందుగా గడియారం సంగతి వచ్చింది. అది ఏళ్ళ తరబడి నాలుగూ ఇరవై దగ్గర ఆగి ఉందని, నగరవాసుల కాలస్పృహకు అది ప్రతీక అని పుస్తకంలో ఉంది. ఈమధ్యనే పురపాలక సంఘం దాన్ని బాగు చేయించింది. బాగు చేసినందుకు తమకు ప్రశంసాపత్రం వచ్చిందని కమిషనరుగారు నసిగారు. ప్రశంసాపత్రం ఉంచుకోండి, గడియారం ఆపండి అన్నారు భువనమూర్తిగారు. తీరా చూస్తే అది కొత్తరకం యంత్రం, ఎంత ఆపినా తనంతట తానే సరైన సమయానికి వచ్చేస్తుంది. చివరికి ఇద్దరు మనుషుల్ని వేశారు. ఉదయం ఒకతను, మధ్యాహ్నం ఒకతను నిచ్చెనెక్కి ముల్లు పట్టుకుని కూర్చునేవారు. పాపం చేతులు నొప్పెట్టి వాళ్ళు ముల్లు మార్చి పట్టుకునే క్షణంలో అది ఒక్క గెంతు గెంతేది. దాన్ని చూసి రైలు తప్పిపోయిందనుకుని పరుగెత్తినవాళ్ళు ఉన్నారు.

తర్వాత రిక్షాలు. కూడలిలో పన్నెండు రిక్షాల అడ్డా ఉందని పుస్తకం. ఊరు మొత్తం వెతికితే ఒకటి దొరికింది, అదీ ఓ పెద్ద హోటలు ముందు అలంకారానికి పెట్టిన పూలకుండీల బండిగా. దాన్ని చూసి మిగిలిన పదకొండూ చేయించారు. తొక్కేవాళ్ళు దొరకలేదు. 'క్షేత్ర పరిశోధన తప్పనిసరి' అనే నిబంధన కింద పరిశోధక విద్యార్థులకు ఆ పని పడింది. పట్టణ శ్రామికుల మీద సిద్ధాంతం రాస్తున్న కుర్రాడు తన పర్యవేక్షకుణ్ణి ఎక్కించుకుని ఎత్తు మీద రొప్పుతూ తొక్కుతుంటే, వెనక కూర్చున్న ఆయన శ్రమదోపిడీ సిద్ధాంతం విడమరిచి చెబుతుండేవారు. ఆ కుర్రాడికి అది అంత బాగా అంతకుముందెప్పుడూ అర్థం కాలేదట.

పురమందిరం మెట్ల మీద సాయంత్రాలు అయిదుగురు విశ్రాంత ఉద్యోగులు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటారని ముప్పై ఒకటో పేజీ. అయిదుగురిలో ఇద్దరు కాలం చేశారు, ఒకాయన ఆధ్యాత్మికంలో పడ్డారు. మూడు ఖాళీలకు ప్రకటన ఇచ్చారు. 'అభ్యర్థి ప్రభుత్వమును కనీసం గంటన్నర నిరాటంకముగా విమర్శించగలిగి యుండవలెను. మోకాళ్ళ నొప్పి గలవారికి ప్రాధాన్యత.' రెండు వందల దరఖాస్తులు వచ్చాయి. ఒక రిటైర్డు తహశీల్దారుగారు ఇంటర్వ్యూలో 'ప్రభుత్వం బాగానే ఉందండీ' అని నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నారు.

దోమల విషయంలో మాత్రం ఏ చర్యా అవసరం కాలేదు. ఆ ఒక్క అంశంలో తాము మొదటినుంచీ సిలబస్ ప్రకారమే ఉన్నామని కమిషనరుగారు సగర్వంగా మనవి చేశారు.

ఇదంతా అయ్యాక సుజల అర్జీ మళ్ళీ బయటికి తీశారు. ఇప్పుడు నగరం ప్రకారం చూసినా ఆమె జవాబు తప్పే కనుక అర్జీ కొట్టివేశారు. ఆ పిల్ల తెలివైంది. మరుసటి పరీక్షకు గుమ్మం దాటకుండా చదివి ముప్పైకి ముప్పై తెచ్చుకుంది.

నాకు ఇవన్నీ చూస్తే తల తిరుగుతూ ఉండేది గాని, నిజం చెప్పొద్దూ, కాస్త సరదాగా కూడా ఉండేది. ఏదో పుస్తకంలో నేను పంకా కింద కూర్చుని రాసుకున్న మాటకు ఊళ్ళో గడియారం ఆగిపోవడమంటే ఏ రచయితకు మాత్రం గర్వంగా ఉండదు. ఆ గర్వం నలభై ఏడో పేజీ వచ్చేదాకానే నిలిచింది.

ఆ రోజు సమన్వయ సంఘం మొత్తం రిక్షాల్లో బండి దగ్గరికి వెళ్ళింది. భువనమూర్తిగారు పుస్తకం విప్పి చదివారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు బండి అక్కడే ఉండాలి, సిలబస్ మారేదాకా అంటే ఇంకా మూడేళ్ళపాటు ఆవిడ దాన్ని వదిలి వెళ్ళకూడదు. అసిరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బస్టాండు పక్కన ఆవిడ ఒక గది మాట్లాడుకుంది. బోర్డు కూడా రాయించింది, 'అసిరమ్మ టిఫిన్లు' అని. ఇరవై రెండేళ్ళు ఆ కూడలి మురుగుకాలవ గట్టు మీద నిలబడి కాళ్ళు వాచిపోయిన మనిషి. శ్రావణ శుక్రవారం నాడు పాలు పొంగించాలి. ఆ రోజు దాటితే గది ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని ముందే చెప్పాడు. శ్రావణ శుక్రవారానికి పదకొండు రోజులుంది.

"మరి నా దుకాణం ఏటవుతాది బావూ?" అంది భువనమూర్తిగారితో.

మీరు పైకి రావడం మంచిదే గాని, సామాజిక చలనశీలత నాలుగో అధ్యాయంలో వస్తుందని, ఆవిడ మూడో అధ్యాయంలో ఉందని ఆయన ఓపిగ్గా వివరించారు.

అంతలో ఆయన దృష్టి బండి వెనక బకెట్టులో పిండి కలుపుతున్న సూరన్న మీద పడింది. పుస్తకం చూశారు, మనిషిని చూశారు, మళ్ళీ పుస్తకం చూశారు. ఈయనెవరని అడిగారు. నా మొగుడు అంది అసిరమ్మ. పుస్తకంలో వితంతువు అని ఉందే అన్నారాయన.

సూరన్న నెమ్మదైన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. చేతులకు పిండితోనే లేచి నిలబడ్డాడు. నాలుగు నుంచి ఎనిమిది మధ్య మీరు ఇక్కడ కనబడకూడదని భువనమూర్తిగారు చెప్పారు.

"అంతవరకూ నాను సచ్చిపోయినట్టేనా బావూ?"

"సిలబస్ మేరకే," అన్నారు భువనమూర్తిగారు ఓదార్పుగా. "ఉదయం పూట మీరుండడానికి ఏ అభ్యంతరమూ లేదు."

మర్నాటి నుంచి బండి పక్కన ఒక పాత సినిమా బోర్డు అడ్డం పెట్టారు. దాని వెనకనుంచి రెండు చేతులు మాత్రం వచ్చి పిండి గిన్నె అందించి మాయమవుతూ ఉండేవి. క్షేత్ర పర్యటనకు వచ్చిన విద్యార్థులు 'నగరవాసులలో అదృశ్య శక్తులపై విశ్వాసం' అని రాసుకుపోయారు.

మూడో రోజు నేను ఒంటరిగా వెళ్ళాను. ఎప్పటిలా నాలుగు బజ్జీలు అడిగాను. అసిరమ్మ ఇవ్వలేదు.

"ఆ పుస్తకం ఎవులు రాసేరు మేస్టారూ?"

అట్ట మీద భువనమూర్తిగారి పేరే ముందుంది, అబద్ధం ఆడితే ఆడొచ్చు. కానీ నోరు రాలేదు. నేనే రాశానన్నాను.

ఆవిడ పొయ్యి తగ్గించింది. మీరు అనే మాట అక్కడితో పోయింది.

"ఇరవై రెండేళ్ళు నా బండి కాడ తిన్నావు. ఉల్లిపాయి ఎక్కువెయ్యప్పా అని అడిగేవోడివి, నిమ్మకాయి పిండప్పా అని అడిగేవోడివి. నీకు మొగుడున్నాడా అప్పా అని ఒక్కసారి అడగలేకపోనావేటి బావూ?"

వానలు అని చెబుదామనుకున్నాను. ఎంత సిగ్గేసిందంటే, ఆ బోర్డు వెనక సూరన్న పక్కన నేనూ దాక్కుందామనిపించింది. బోర్డు వెనకనుంచి రెండు చేతులు వచ్చి, ఒక కాగితంలో నాలుగు బజ్జీలు పెట్టి నాకు అందించాయి. అవి తినలేకపోయాను.

మర్నాడు రిజిస్ట్రారుగారి గదిలోకి వెళ్ళాను. పుస్తకంలో తప్పుందని చెప్పాను. ఉండదని ఆయన చెప్పారు. అయిదేళ్ళ దాకా ఉండడానికి వీల్లేదన్నారు. అప్పుడు నాకు ఒక మార్గం తోచింది.

"అచ్చుతప్పయితేనండీ?"

ఆయన మొహం వికసించింది. ముద్రారాక్షసము వేరు విషయము అన్నారు. అది ముద్రాపకుని దోషము, విశ్వవిద్యాలయమునకు అంటదు. దానికి మండళ్ళు అక్కర్లేదు, రచయిత సంతకంతో తప్పొప్పుల చీటీ అంటిస్తే చాలు. అయితే చీటీతో పేరు మార్చవచ్చునే గాని తీసేయకూడదు. తీసేస్తే పుస్తకం కుదించినట్టవుతుంది, కుదించాలంటే మూడు మండళ్ళు కూర్చోవాలి. పైగా కొత్త పేరుగల వ్యక్తి నగరంలో ఉండాలి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, నాలుగు నుంచి ఎనిమిది వరకు కూడలిలో బజ్జీలు వేయాలి.

ఊళ్ళో ఎవరినడిగినా దండం పెట్టారు. ఇంకో బజ్జీలావిడైతే ఆ పుస్తకంలోకి వెళ్ళినవాళ్ళ మొగుళ్ళు బతకరట అని తలుపేసుకుంది. శ్రావణ శుక్రవారానికి నాలుగు రోజులుంది. చీటీ నేనే రాశాను. '47వ పేజీ, 9వ పంక్తిలో అసిరమ్మ అని ఉన్నచోట కలివరపు భాస్కరరావు అని చదువుకొనవలెను.' కలివరపు భాస్కరరావు అంటే నేనే.

రిజిస్ట్రారుగారు చీటీని పుస్తకంతో కలిపి పరిశీలించారు. తొమ్మిదో పంక్తి మీద వేలు ఆపారు.

"ఇచట వితంతువు అని గలదు. మీకు భర్త ఉన్నారా?"

"లేరండీ."

"అయినచో ఆక్షేపణ లేదు," అని సంతకం పెట్టారు.

నాలుగు వేల ప్రతుల మీద ఆ చీటీలు అంటించడానికి పరిశోధక విద్యార్థులకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ రిక్షాలు ఆగిపోయి ఊరు సిలబస్ తప్పింది గాని, ఎవరూ గమనించలేదు. విషయం ఇంట్లో చెబితే మా ఆవిడ ఒక పాత గోనెగుడ్డ తీసి చేతికిచ్చి, నూనె చిందితే చొక్కా పాడవుతుంది, ఇది కట్టుకోండి అంది.

శ్రావణ శుక్రవారం సాయంత్రం బస్టాండు పక్కన పాలు పొంగాయి. నేను వెళ్ళలేకపోయాను. ఆ వేళకు కూడలిలో ఉండకపోతే సిలబస్ ఉల్లంఘన అవుతుంది. వెళ్ళినవాళ్ళు చెప్పారు, సూరన్న కొత్త చొక్కా తొడుక్కుని, ఏ అడ్డూ లేకుండా గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాడికీ నమస్కారం పెట్టాడట.

నా పరిస్థితి బాగానే ఉంది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో దొరకని స్థిరత్వం ఇక్కడ దొరికింది. మూడేళ్ళ దాకా నన్ను ఎవరూ తీయలేరు. ఒక్క రోజు విరామం కూడా లేదు. బండి దగ్గర నిలబడ్డాక తెలిసింది ఊరంటే ఏమిటో. ముల్లు పట్టుకునే అప్పలరాజుకు ఎత్తంటే భయమని, అయినా ఇల్లు గడవాలి కనుక కళ్ళు మూసుకుని ఎక్కుతాడని తెలిసింది. మెట్ల మీది ముసలాళ్ళు ఎనిమిది దాటాక ప్రభుత్వాన్ని వదిలేసి ఒకరి మందుబిళ్ళల గురించి ఒకరు అడుగుతారని తెలిసింది. ఇవి ఏ బీరువాలోనూ లేవు. విద్యార్థులు వచ్చినప్పుడు చెప్పబోతే, ఇది పరీక్షకు వస్తుందా సార్ అని అడిగి, రాదంటే రాసుకోవడం మానేస్తారు. సుజల మాత్రం రాసుకుంటుంది.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం అసిరమ్మ వచ్చింది. చెప్పులు కొత్తవి. నా బజ్జీ ఒకటి తీసి విరిచింది. లోపల మిరపకాయ ఒకచోట, పిండి ఒకచోట. కాస్త కొరికి ఆలోచించింది.

"పుస్తకం సూసి కలిపినావేటి బావూ?"

నేను ఒప్పుకున్నాను. ఆవిడ కొంగు దోపుకుని, చేతులు కడుక్కుని, నా గిన్నె లాక్కుని ఇంకాస్త శనగపిండి వేసి కలిపింది. చెయ్యెట్టి సూడు, ఏలు మీద పిండి నిలబడాల, జారకూడదు అంది. నేను గిన్నెలో చెయ్యి పెట్టాను. ఇరవై రెండేళ్ళు తిన్నానే గాని ఆ పిండిని ముట్టుకోవడం అదే మొదలు.

నాలుగు వాయిలు దగ్గరుండి వేయించింది. ఇక దుకాణంలో జనం ఉంటారని వెళ్ళబోయింది. అప్పుడు అడిగాను.

"అప్పా, సూరన్న బావ ఎలా ఉన్నాడు?"

అసిరమ్మ ఆగి వెనక్కి తిరిగింది. నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"బతికే ఉన్నాడు బావూ," అంది. "ఇప్పుడు రాసుకో."